పుట్టింటి పేరు

దొండకాయ ఎక్కడికి వెళ్ళినా దొండకాయే. వంకాయ అలా కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ వంకాయ, పదిమందిలోకి వెళ్ళేసరికి ‘బ్రింజాల్’. గమనించారా మీరు? మా వీధిలో ఒకావిడ కూరలబండి అబ్బాయితో బేరమాడేటప్పుడు వంకాయ అనే అంటుంది. “పుచ్చులుంటే తిరిగి తెచ్చిస్తా, చూసుకో” అని దబాయించేటప్పుడూ వంకాయే. అదే కూరని గిన్నెలో పెట్టి, మేడమీద కొత్తగా దిగిన ఆఫీసరుగారి భార్యకి ఇచ్చేటప్పుడు మాత్రం “కాస్త బ్రింజాల్ కర్రీ చేశానండీ” అంటుంది. మెట్లెక్కేలోగా పాపం వంకాయకి పట్టుచీర కట్టేస్తుందన్నమాట!

ఆవిణ్ణి వేళాకోళం చెయ్యటానికి కాదు ఇది చెప్పటం. ఆ పట్టుచీర ఏ ఊళ్ళో నేసిందా అని ఆరా తీస్తే నాకే ఆశ్చర్యం వేసింది.

బ్రింజాల్ అనేది ఇంగ్లీషువాళ్ళ సొంతమాట కానేకాదు. లండన్‌లో కూరల దుకాణానికి వెళితే ‘ఆబర్జీన్’ అంటారు. అమెరికాలో ‘ఎగ్ ప్లాంట్’, అంటే గుడ్లమొక్క. వంకాయకీ గుడ్డుకీ ఏమిటమ్మా చుట్టరికం అంటారా? 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు కోడిగుడ్డంత ఉండే తెల్లవంకాయల్ని చూసి ఆ పేరు పెట్టారు. తరవాత నల్లటి వంకాయలు వచ్చినా పేరు మాత్రం మారలేదు. ఇక బ్రింజాల్ మాటకొస్తే, అది మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్ళు పోర్చుగీసువాళ్ళ దగ్గర పట్టుకున్న మాట. 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగాడు కదా, ఆ పోర్చుగీసువాళ్ళు ఈ కాయని ‘బెరింజెల’ అనేవారు.

మరి పోర్చుగీసువాళ్ళకి ఎక్కడిది? అరబ్బులు ఇచ్చారు. 711లో అరబ్బుల సేనలు స్పెయిన్‌లో అడుగుపెట్టాక, వాళ్ళ వెంట చెరుకూ, నారింజా, వంకాయా ఒక్కొక్కటే అక్కడి పొలాల్లోకి చేరాయి. 12వ శతాబ్దంలో సెవిల్లాలో ఉన్న ఇబ్న్ అల్ అవ్వామ్ అనే ఆయన, తన వ్యవసాయ గ్రంథంలో వంకాయల్లో రకాలను గురించి కూడా రాశాడు. అరబ్బులు దీన్ని ‘బాదింజాన్’ అంటారు. వాళ్ళకి ఆ మాట పారశీకులిచ్చారు. పారశీకులకి ఎవరిచ్చారంటే మనమే! సంస్కృతంలో ‘వాతింగణ’ అనే మాట ఉంది. ‘వ’ కాస్తా ‘బ’ కావటం పెద్ద వింతేమీ కాదు. మన వంగదేశం బెంగాల్ కాలేదూ? ఆ వాతింగణమైనా ద్రావిడ భాషలనించి సంస్కృతంలోకి వెళ్ళిందేనని కొందరు భాషాపండితులు అంటారు. మన తెలుగులో ఈ మొక్క పేరు ‘వంగ’. వంగనారు, వంగతోట, వంగపండు రంగు అంటాం. వంగకాయే వంకాయ. మరాఠీవాళ్ళు ‘వాంగీ’ అంటారు, హిందీవాళ్ళు ‘బైంగన్’ అంటారు. అందరూ ఒక తల్లి పిల్లలే.

అంటే ఏమైందన్నమాట? మన పెరట్లో పిల్ల పారశీకం వెళ్ళి, అరబ్బుల ఇంట కాపురం చేసి, స్పెయినూ పోర్చుగల్లూ చూసి, ఓడెక్కి మళ్ళీ మన ఊరే వచ్చింది. వచ్చేసరికి యాస మారింది, వేషం మారింది. మనం గుమ్మంలో నిలబడి “ఎవరండీ తమరు? లోపలికి దయచెయ్యండి” అని కుర్చీ వేస్తున్నాం!

దారిలో ఈ పిల్లకి ఎన్ని పేర్లు పెట్టారో చెబితే నవ్వొస్తుంది. అరబ్బీలో ‘అల్’ అంటే ఇంగ్లీషు ‘ది’ లాంటిది. స్పెయిన్‌లోనే కాటలాన్ భాష మాట్లాడేవాళ్ళు దాన్నీ కాయనీ కలిపి ‘అల్బెర్జీనియా’ అన్నారు. ఫ్రెంచివాళ్ళు దాన్ని ‘ఒబెర్జీన్’ చేశారు. లండన్ దుకాణంలో ఉన్న ఆబర్జీన్ అదే. ఇటలీవాళ్ళ నోట ఇది ‘మెలన్జానా’ అయింది. వాళ్ళ భాషలో ‘మేలా ఇన్సానా’ అంటే పిచ్చి ఆపిల్. పేరు అలా వినిపించిందో లేదో, తింటే పిచ్చెక్కుతుందని యూరప్‌లో చాలాకాలం భయపడ్డారు. మన బెంగాలీలు ‘బేగున్’ అని, దానికి ‘గుణంలేనిది’ అని అర్థం తీసి నవ్వుకుంటారు. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు లాటిన్‌లో పేరు పెట్టాడు, ‘సొలానం మెలొంజెనా’ అని. ఆ మెలొంజెనా కూడా అరబ్బుల బాదింజాన్ రూపం మారి వచ్చిందే.

తురుష్కులు ‘పట్లిజాన్’ అంటారు. వంకాయలో ఉల్లిపాయలు కూరి నూనెలో మగ్గబెట్టే వంటకం ఒకటుంది వాళ్ళకి, మన గుత్తివంకాయకి దూరపు చుట్టం. దాని పేరుకి అర్థం ‘ఇమాముగారు మూర్ఛపోయారు’ అని. రుచి చూసి పడిపోయాడని కొందరూ, భార్య పోసిన నూనె లెక్క విని పడిపోయాడని కొందరూ చెబుతారు. ఈ రెండో మాటే నిజమై ఉంటుందని నాకనిపిస్తుంది. మీరేమంటారు?

అన్నిటికన్నా నన్ను కదిలించింది వెస్టిండీస్ సంగతి. 1886లో వచ్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ అనే నిఘంటువు, అక్కడ బ్రింజాల్ కాస్తా ‘బ్రౌన్ జాలీ’ అయిపోయిందని చెబుతుంది. 1845 నించి 1917 దాకా మనవాళ్ళని ఓడల్లో ట్రినిడాడ్ చెరుకుతోటల్లోకి కూలికి తీసుకుపోయారు కదా, వాళ్ళు వెంట తీసుకెళ్ళిన పేరు ‘బైగన్’. నేటికీ అక్కడ బైగన్ కాల్చి పచ్చడి చేసుకుంటారు. ఒకే తల్లి బిడ్డలు, ఒకరు దొరలతో, ఒకరు కూలీలతో వెళ్ళి, సముద్రాల అవతల ఒకే సంతలో ఒకరినొకరు గుర్తుపట్టకుండా కూర్చున్నారు.

ఇదంతా చదువుతూ ఉంటే నాకు మా పిన్ని గుర్తొచ్చింది. పిన్నికి పదహారో ఏట పెళ్ళయింది. ఆమె పేరూ, అత్తగారి పేరూ ఒకటే. కోడల్ని కేకేస్తే అత్తగారిని పేరుపెట్టి పిలిచినట్టవుతుందని, కాళ్ళ పారాణి ఆరకముందే పేరు మార్చేశారు. రేషనుకార్డులోనూ, ఓటర్ల జాబితాలోనూ ఆ కొత్తపేరే. పిన్ని మనవలకి అసలు పేరొకటుందనే తెలియదు. రానురాను మావయ్యలూ, మా అమ్మా కూడా ఆ పేరుకే అలవాటుపడిపోయారు. అమ్మమ్మ ఒక్కతే చివరిదాకా పాతపేరుతో పిలిచింది.

అమ్మమ్మ పోయిననాడు అందరూ ఏవేవో తలుచుకుని ఏడుస్తున్నారు. పిన్ని మాత్రం మా అమ్మ చెయ్యి పట్టుకుని, “ఇంక నన్ను నా పేరుతో పిలిచేవాళ్ళు లేరే అక్కా” అంది. నలభయ్యేళ్ళు మరో పేరుకి పలుకుతూ వచ్చిన మనిషి! ఆ పేరంటే ఆమెకి కోపమేమీ లేదు. ఆ పేరుమీదే ఇల్లు నిలబెట్టింది, పిల్లల్ని పెంచింది, నలుగురిలో మంచిదనిపించుకుంది. అయినా లోపల ఎక్కడో ఆ మొదటిపేరు చెవి ఒగ్గి కూర్చునే ఉందన్నమాట.

పన్నెండో రోజు వెళ్ళాక మా అమ్మ ఫోన్ చేసి పాతపేరుతో పిలిచింది. పిన్ని, “ఎవరూ?” అందిట. మళ్ళీ పిలిచింది. అవతలనించి కాసేపు చప్పుడు లేదు. తరవాత, “ఆఁ అక్కా, ఉన్నా, చెప్పు” అందిట. అప్పట్నించీ అమ్మ ఇంకో పేరుతో పిలవటం లేదు.

మాటలకైతే నిఘంటువులు రాసేవాళ్ళున్నారు. ఎన్ని దేశాలు తిరిగొచ్చినా, ఫలానా వారి పిల్ల అని చెప్పి పుట్టిల్లు చూపిస్తారు. మనుషులకి ఆ నిఘంటువు మరో మనిషే. అంచేత బ్రింజాల్ అనేవాళ్ళని అననివ్వండి, తప్పేముంది, అదీ మనమ్మాయే. ఎగ్ ప్లాంట్ అనే మనవల్నీ కసరకండి. కూర వడ్డించేటప్పుడు మాత్రం ఒక్కసారి, “వంకాయరా, ఇంకాస్త వేసుకో” అనండి. పలుకుతుంది.