గడీ గోడలు ఎవరిని ఆపడానికి?

మా లాలాగూడలో పెద్ద గోడ అంటే రైల్వే వర్క్‌షాప్‌దే. 1893లో నిజాం రైల్వే హయాంలో మొదలైంది. ఆ గోడ లోపల పనిచేసినోళ్లకు నెల తిరిగేసరికి జీతం వచ్చేది. అదే రోజుల్లో తెలంగాణ పల్లెల్లో ఇంకో రకం పెద్ద గోడలు ఉండేవి. చాలాచోట్ల వాటి లోపల ఎంత చాకిరీ చేసినా చేతికి పైసా రాదు. అవే గడీలు.

గడీ అంటే సగం ఇల్లు, సగం కోట. బయట ఎత్తైన రాతి గోడ, మూలల్లో బురుజులు, బురుజుల్లో తుపాకీ పెట్టే కంతలు. ఏనుగు పట్టేంత దర్వాజా, దాంట్లోనే మనిషి వంగి దూరేంత దిడ్డి తలుపు. లోపలికెళ్తే మాత్రం టేకు స్తంభాలు, చల్లటి వాకిలి, ధాన్యం గరిసెలు, బావి. బయట యుద్ధం, లోపల సంసారం అన్నట్టు ఉంటుంది.

దోమకొండ చూసొద్దాం

ఇది కళ్లారా చూడాలంటే కామారెడ్డి జిల్లా దోమకొండ వెళ్లండి. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వైపు రైలెక్కి కామారెడ్డిలో దిగొచ్చు. బండి మీదైతే 44వ నంబర్ జాతీయ రహదారి పట్టుకుని మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట దాటి వెళ్లాలి. కామినేని వంశీయుల సంస్థానం ఇది. చుట్టూ కందకం, గుండ్రటి బురుజులు, లోపల కాకతీయుల శైలిలో మహాదేవుడి గుడి, కమానులతో మెరిసే అద్దాల మేడ. కుటుంబమే పూనుకుని బాగుచేయించింది. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డు కూడా వచ్చింది. లోపలికి ఎప్పుడు పంపిస్తారో ముందే కనుక్కుని బయల్దేరండి.

ఫ్రాన్స్‌లోనూ ఇదే కథ

ఇలాంటి ఇళ్లు మన దగ్గరే కాదు. ఇంగ్లండ్‌తో వందేళ్ల యుద్ధం (1337–1453) నడిచినప్పుడు ఫ్రాన్స్ పల్లెల్లో చిన్న చిన్న దొరలు కూడా ఇళ్ల చుట్టూ కందకాలు తవ్వి, బురుజులు కట్టుకున్నారు. యుద్ధం అయిపోయింది, బురుజులు మాత్రం హోదా కోసం మిగిలిపోయాయి. ఆవరణలో పావురాల గూడు ఉంటే అది దొర ఇల్లని గుర్తు. ఆ పావురాలు రైతు చేలో గింజలు తిన్నా రైతు వాటిని చంపకూడదు! 1789లో రైతులు తిరగబడి దొరల ఇళ్లలోని దస్తావేజులు తగలబెట్టారు. ఆగస్టులో రద్దయిన హక్కుల జాబితాలో ఆ పావురాల గూడు హక్కు కూడా ఉంది.

మన గడీలదీ అదే దారి. మొదట్లో దోపిడీ ముఠాలు, పక్క సైన్యాల భయంతో గోడలు లేచాయి. తర్వాత ఆ భయం పోయింది, గోడ పోలేదు. బురుజు కంతలోంచి కనిపించేది ఇక సొంత ఊరే. వెట్టికి రానని ఎవరైనా అంటే ఈడ్చుకొచ్చేది ఆ దర్వాజా లోపలికే. 1946 జులై 4న జనగామ ప్రాంతంలోని కడవెండిలో ఊరేగింపుగా కదిలిన జనం మీద విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య చనిపోయాడు. సాయుధ పోరాటం ఊపందుకుంది అక్కడినుంచే. చాలామంది దొరలు గడీలు వదిలి పట్నం చేరారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి.

కూల్చాలా, కాపాడాలా?

ఇప్పుడు చాలా గడీల్లో పైకప్పులు కూలి, గోడల మీద రావిచెట్లు మొలుస్తున్నాయి. ‘పోనీ, పీడా పోయింది’ అనే వాళ్ల బాధ నిజమే. కానీ గోడ కూలితే దొర గొప్పలతో పాటు ఆ రాళ్లు మోసినోళ్ల సాక్ష్యం కూడా పోతుంది. పుస్తకంలో ‘వెట్టిచాకిరి’ అని చదివితే అదొక మాట. దిడ్డి తలుపులోంచి తల వంచుకుని లోపలికెళ్తే అదేంటో మెడకు తెలుస్తుంది.

అట్లని పెళ్లి ఫొటోషూట్లకు అద్దెకిచ్చే అందమైన సెట్టింగుగా మాత్రమే మిగిలినా నష్టమే. అన్ని గడీల చరిత్రా ఒకేలా ఉండదు. అందుకే బాగుచేసిన ప్రతి గడీలో ఒక్క గదైనా ఆ ఊరికి ఇవ్వాలి. సున్నం దంచినోళ్లు, నీళ్లు మోసినోళ్లు, గేటు బయట చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డోళ్లు ఎవరో, ఊరి పెద్దవాళ్లు గుర్తున్నంత వరకు చెబితే అక్కడ రాసిపెట్టాలి. ఆ పెద్దవాళ్లు ఇంకెన్నాళ్లో ఉండరు. మీ ఊళ్లో గడీ ఉంటే ఈసారి ఫోన్‌లో సెల్ఫీతో పాటు వాళ్ల మాటలు కూడా రికార్డు చేసి పెట్టుకోండి.