పొన్ను

చీల్చడం తెలిసిన చేతికే చీలకుండా కాపాడటం తెలుస్తుంది. మేము ఎరుకలవాళ్లం. బుట్టకు బద్ద తీసేటప్పుడు, కత్తి పెట్టకముందే వెదురు ఎటు చీలుతుందో చెప్పగలిగితేనే పనివాడు. సదుంలో మా ఇళ్లలో ఈ చదువు బడికి పోకముందే మొదలయ్యేది. మా నాయన బుట్టలతోపాటు రైతుల గొడ్డళ్లకు కామలు కూడా వేసేవాడు. ఆయన సూత్రం ఒక్కటే: కట్టె నిలువునా చీలుతుంది, అడ్డంగా చీలదు. రోకలికి ఇనుప పొన్ను వేసేది అందుకే. దెబ్బకు పోగులు విచ్చుకోకుండా అది చుట్టూ పట్టి ఉంచుతుంది.

ఇంటర్‌లో ఎన్‌సీసీలో చేరినప్పుడు అదే పొన్నును తుపాకి మీద చూశాను. డ్రిల్లుకిచ్చిన 303 రైఫిళ్లలో ఒకదాని ముందు కట్టెకు తీగ దగ్గరదగ్గరగా చుట్టి అతికి ఉంది. ఇది గ్రెనేడ్లు విసిరిన తుపాకి అని హవల్దారు చెప్పారు.

11 గ్రాముల గుండు సెకనుకు 740 మీటర్ల వేగంతో ముందుకు పోతే, 4 కిలోల తుపాకి వెనక్కి తంతుంది. ఆ తన్ను భుజానికి తగిలేలోపే కట్టెకు తగులుతుంది. ఇనుప భాగం వెనక్కి జరిగి, తాను కూర్చున్న గాడి అంచులను గుద్దుతుంది. రెండు వైపులా సమానంగా ఆనకపోతే దెబ్బంతా ఒక మూలే పడి, పగులు అక్కడ మొదలవుతుంది. గొట్టం మూతికి గిన్నె బిగించి ముప్పావు కిలో గ్రెనేడును విసిరితే తన్ను మరీ ఎక్కువ. తీగ చుట్టింది దానికోసమే. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిళ్లలో చాలావాటికి కట్టె గుండా అడ్డంగా ఒక స్క్రూ దూర్చారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆస్ట్రేలియావాళ్లు తమ దేశపు కట్టె వాడుతూ, దెబ్బ పడేచోట రాగి బిళ్లలు పెట్టారు. కట్టె ఎండి పగలకుండా అవిసె నూనె పట్టించేవారు. పేర్లు వేరైనా పని పొన్నుదే.

ఈ తుపాకిని మా తాతలు ఎదుటి వైపు నుంచి చూశారు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చాక ఎరుకలవాళ్ల పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. 1952లో ఆ చట్టం రద్దయింది. చూపు అంత తొందరగా మారలేదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిలో ఏదైనా కనబడకపోతే ముందు నా సంచి వైపు చూసినవాళ్లున్నారు. మాకు చేతివాటం అన్నారే గానీ, చేతిపని అన్నవాళ్లు తక్కువ.

తోటి టీచర్లకు ఒక మాట. న్యూటన్ మూడో నియమానికి తుపాకి ఉదాహరణ మనమందరం చెబుతాం. అంత తన్నుకూ కట్టె ఎందుకు చీలలేదని అడగం. అడిగి చూడండి, జవాబు వెనక బెంచీలో ఉండొచ్చు. ఒకే లావు వెదురు ముక్కలు రెండు తెప్పించండి. ఒకదాని కొసకు పురికొస గట్టిగా చుట్టించండి. రెండింటి కొసల్లోనూ మేకు దిగగొట్టించండి. ఏది ముందు చీలిందో, ఎందుకో పిల్లలచేత నోటుబుక్కులో రాయించండి. ఆ వెదురు తెచ్చిన బిడ్డకు ఈ పని ఎవరు నేర్పారో, ఆ పేరు కూడా కిందనే రాయించండి.