ఆవిడ ఏ ఊరమ్మాయి?

మా గుడివాడ వైపు వాళ్లకు అమెరికాలో ఎవరో ఎన్నికల్లో గెలిచారని చెప్పి చూడండి. ముందు అడిగేది పార్టీ కాదు, మెజారిటీ కాదు. ఇంటిపేరు! 2022 నవంబరులో అరుణా మిల్లర్ మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినప్పుడు చూశాను. మిల్లర్ అనగానే మొహం చిట్లించినవాళ్లే, పుట్టింటి పేరు కాట్రగడ్డ అనీ, మూలాలు మన కృష్ణా జిల్లాలోనే అనీ తెలియగానే కుర్చీలు దగ్గరకు లాక్కున్నారు. ఫలానా వాళ్ల మనవరాలట, ఫలానా వాళ్లకు వేలువిడిచిన చుట్టమట... అరగంటలో సగం ఊరు ఆవిడకు బంధువులైపోయింది.

మూడేళ్లు గడిచాయి. 2025 నవంబరు 4న, మేరీల్యాండ్ పక్క రాష్ట్రమైన వర్జీనియాలో ఇంకొకావిడ అదే పదవికి గెలిచారు. పేరు గజాలా హాష్మీ. అరుణ లాగే ఆవిడా 1964లో హైదరాబాద్‌లోనే పుట్టారు. ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

‘ఇంటిపేరేంటే?’

‘హాష్మీ.’

‘ఓహో’ అంది. ఆ తర్వాత గేదె ఈనిన సంగతి చెప్పింది.

అమ్మని తప్పుపట్టడం లేదు. కానీ ఆ ‘ఓహో’ చాలా రోజులు నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను ఉద్యోగం చేసేది బందరులో. గోల్కొండ సుల్తానులకు రేవంటే ఈ ఊరే. 1611లో ఇంగ్లిషువాళ్లు గిడ్డంగి తెరిచేనాటికే ఇక్కడ పర్షియా వర్తకులున్నారు. మనం గొప్పగా చెప్పుకునే కలంకారీ, ఆ పేరే పారసీ మాట. ఇక్కడినుంచి హైదరాబాద్ బస్సెక్కితే ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటాక మలక్‌పేట వస్తుంది. గజాలా చిన్నప్పుడు ఉన్న తాతగారిల్లు ఆ మలక్‌పేటలోనే! అంటే మా బందరు రోడ్డు మీదే కదా.

నాలుగేళ్ల వయసులో తల్లి, అన్నతో కలిసి విమానమెక్కింది ఆ పిల్ల. తండ్రి అప్పటికే అమెరికాలోని జార్జియాలో ఉన్నారు. నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే బడిలో కూర్చోవడం అక్కడ అప్పుడప్పుడే మొదలవుతోంది. వాళ్ల మధ్య ఈ పిల్ల. బాగా చదివింది. ఎమరీ యూనివర్సిటీలో అమెరికన్ సాహిత్యం మీద డాక్టరేట్ తీసుకుంది. 1991లో భర్తతో వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ దగ్గరకు మారాక ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకుంటూ పాఠాలు చెప్పుకుంటూ దాదాపు ముప్ఫై ఏళ్లు గడిపేశారు. ఎక్కువ కాలం పనిచేసింది కమ్యూనిటీ కాలేజీలో. పెద్ద యూనివర్సిటీ ఫీజులు కట్టలేనివాళ్లూ, పగలు పనిచేసి సాయంత్రం చదువుకునేవాళ్లూ చేరే కాలేజీలవి.

రాజకీయం ఊసే లేని ఆ జీవితం 2017 జనవరిలో మలుపు తిరిగింది. ముస్లింలు ఎక్కువగా ఉండే ఏడు దేశాల వాళ్లు అమెరికాలోకి రాకుండా ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. యాభై ఏళ్లుగా తనదనుకుంటున్న దేశంలో తనకు చోటుందా అన్న ప్రశ్న ఆవిడకి అప్పుడు వచ్చింది. రెండేళ్ల తర్వాత ఎన్నికల బరిలో దిగారు. వర్జీనియా సెనేట్‌కు. ఎదురుగా ఉన్నది రిపబ్లికన్ పార్టీ సిట్టింగ్ సెనేటర్ గ్లెన్ స్టర్టవెంట్. ఆవిడ ప్రచారంలో వాడిన మాట నాకు మహా ఇష్టం. గజాలా హాష్మీ అన్నది అమెరికన్ పేరేనని! అక్కడా పేరు దగ్గరే వచ్చింది పేచీ. ఆవిడ వంశావళి విప్పలేదు. ఇది ఇక్కడి పేరే, ఇక్కడే ఉంటుంది అన్నారు, అంతే.

గెలిచారు. యాభై అయిదేళ్ల వయసులో, మొట్టమొదటి పోటీలో. ఆ ఎన్నికలతో నలభైమంది సెనేట్‌లో డెమొక్రాట్ల బలం 21కి చేరి సభ వాళ్ల చేతికొచ్చింది. ఆ సభలో అడుగుపెట్టిన తొలి ముస్లిం మహిళ ఆవిడే.

ఇక్కడ చిన్న మాట. ఆవిడ సెనేటర్ అనగానే వాషింగ్టన్‌లో కూర్చునేవాళ్లని అనుకోకండి. అక్కడ రాష్ట్రాలకూ సెనేట్ ఉంటుంది, మన శాసన మండలి లాగా. తేడా ఏమిటంటే ఆ సెనేటర్లను జనమే నేరుగా ఎన్నుకుంటారు. మన మండలి కథ మీకు తెలిసిందేగా. నిమ్మకూరు బిడ్డ ఎన్టీఆర్ 1985లో రద్దు చేశారు. 2007లో మళ్లీ వచ్చింది. 2020లో మళ్లీ రద్దు తీర్మానం, 2021లో దాని ఉపసంహరణ! చట్టసభల్లో ఆడవాళ్లకు మూడోవంతు సీట్లిస్తూ 2023లో చేసిన రాజ్యాంగ సవరణ కూడా లోక్‌సభకూ అసెంబ్లీలకే. రాజ్యసభకూ మండళ్లకూ వర్తించదు.

సెనేటర్‌గా ఆవిడకొచ్చిన జీతం ఏడాదికి 18,000 డాలర్లు. మావైపు కుర్రాళ్లు కొందరు అక్కడ రెండుమూడు నెలల్లో సంపాదించేస్తారు. ఆ జీతానికి ఆవిడ విద్య, ఆరోగ్యం పట్టుకున్నారు. ఆ కమిటీకి అధ్యక్షురాలయ్యారు. గర్భనిరోధక సాధనాలు వాడుకునే హక్కుకు చట్టం కావాలని బిల్లు తెచ్చారు. సభలు ఒప్పుకున్నాయి, గవర్నర్ యంగ్‌కిన్ 2024లో తిప్పికొట్టారు. మళ్లీ తెచ్చారు. 2025లో మళ్లీ తిప్పికొట్టారు. ఇవన్నీ పేపర్లో ఒక మూల వేసే వార్తలు. నా మటుకు నాకు గెలుపు కంటే ఇదే పెద్ద విషయం.

2026 జనవరిలో ఆవిడ మాజీ సెనేటర్ అయ్యారు, లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసి. అమెరికాలో ఒక రాష్ట్రం మొత్తం ఓట్లేసి ఎన్నుకున్న తొలి ముస్లిం మహిళ. మన ఉపరాష్ట్రపతి రాజ్యసభ నడిపినట్టు, అక్కడ సెనేట్ నడిపేది ఆ పదవిలో ఉన్నవాళ్లే. ఆరేళ్లు సభ్యురాలిగా కూర్చున్న సభకి ఎదురుగా కుర్చీ!

మొన్న దివిసీమ వెళ్లినప్పుడు ఈ కథంతా అవనిగడ్డలో మా పిన్నికి చెప్పాను. పిన్ని ప్రైవేటు కాలేజీలో ఇరవై ఆరేళ్లు తెలుగు చెప్పి మానేసింది. ఇంటిపేరు అడగలేదు.

‘మొదటిసారి నిలబడేటప్పటికి యాభై అయిదా?’ అంది.

‘అవును పిన్నీ.’

2021 పంచాయతీ ఎన్నికల్లో వాళ్ల అత్తగారి ఊరు మహిళలకు రిజర్వయితే పెద్దలు పిన్ని దగ్గరకే వచ్చారు. ‘నువ్వు సంతకం పెడితే చాలమ్మా, మిగతాది మీ ఆయన చూసుకుంటాడు’ అన్నారట. పిన్ని పెట్టనంది. అప్పట్లో ఇంట్లో అందరం పొగరనుకున్నాం.

‘నిలబడటం ఇష్టంలేక కాదే’ అంది పిన్ని, చేటలో బియ్యం చెరుగుతూ. ‘నా బదులు ఆయన మాట్లాడతాడంటే ఒప్పుకోలేదు. నువ్వే మాట్లాడమ్మా అని ఒక్కళ్లన్నా అనుంటే వెళ్లి నామినేషన్ వేసొచ్చేదాన్ని.’