నానమ్మకో కాగితం

ఏప్రిల్ 27, 2024, శనివారం

బడి సెలవులు మొదలైన వారంలోనే పాపకి సైన్సు ఆటల పెట్టె వచ్చింది. మూడు నెలల చందా, నెలకో పెట్టె. ముందు ఐఎస్ఐ గుర్తు కోసం వెతికాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి అది తప్పనిసరి. ఉంది. పెట్టె ఆరేళ్లు దాటిన పిల్లలకే గానీ, పక్క ఫ్లాట్‌లోని పాకే బాబు రోజంతా మా హాల్లోనే ఉంటాడు. మూడేళ్లలోపు పిల్లలకి ఏ ముక్క ప్రమాదమో తేల్చడానికి వాడే కొలత గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పట్టే ముక్క గొంతుకి అడ్డం పడొచ్చు. పూసలూ మూతలూ అన్నీ బీరువా పై అరలోకి ఎక్కించాను.

ఏప్రిల్ 29

ఈ పెట్టె ముందు పాపతో ఎవరు కూర్చుంటారు? నాకు తీరిక దొరికేది రాత్రి తొమ్మిది తర్వాత. అప్పటికి పాప కళ్లు మూతలు పడుతుంటాయి. మధ్యాహ్నం రెండింటికి ఉత్సాహంగా ఉంటుంది, అప్పుడు ఇంట్లో ఉండేది అత్తయ్య. సూచనలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అత్తయ్య ఆదివారం పేపర్లో ఒక్క అక్షరం వదలరు. ఈ కాగితం మాత్రం అటూ ఇటూ తిప్పి, "బొమ్మలు చూసి చేద్దాం లేవే" అని పాపని దగ్గరికి లాక్కున్నారు. నాకు కష్టమనిపించింది.

మే 1

సూచనలన్నీ తెలుగులో రాసిపెట్టాను, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో.

మే 3

పెరిస్కోపు తయారైంది. అట్టగొట్టంలో పైన ఒక అద్దం, కింద ఒకటి, రెండూ 45 డిగ్రీల వాలులో. నానమ్మా మనవరాలూ బాల్కనీ పిట్టగోడ కింద చతికిలబడి, వీధిలో ముంజెల బండి దగ్గర బేరాలన్నీ చూశారట. "నానమ్మా, మనం వాళ్లకి కనబడతామా?" అని పాప అడిగింది. అత్తయ్య జవాబు చెప్పకుండా సోఫా వెనక్కి వెళ్లి, గొట్టం పైకెత్తి, "నా కన్ను కనబడుతోందా?" అన్నారు. కనబడింది. వెలుతురు వచ్చిన దారినే వెనక్కీ వెళ్తుందని నేను సాయంత్రం చెప్పబోతే, "మాకు తెలుసు" అంది పాప.

మే 8

ఇవాళ రంగుల సంచి విప్పారు. ఎర్ర క్యాబేజీ పొడి కలిపిన నీళ్లలో నిమ్మరసం పిండితే గులాబీ రంగు, వంటసోడా వేస్తే నీలం, ఇంకాస్త వేస్తే ఆకుపచ్చ వైపు. పొడి ఇట్టే అయిపోయింది. పాప ముఖం చిన్నబోయింది.

"పసుపు లేదూ?" అన్నారు అత్తయ్య.

కాగితం మీద పసుపు నీళ్లు పూసి ఫ్యాను కింద ఆరబెట్టారు. సబ్బు నీళ్ల చుక్క పడ్డచోట ఎర్రబడింది. నిమ్మరసం తగలగానే మళ్లీ పచ్చగా మారింది. తర్వాత అత్తయ్య కిళ్లీకొట్టు నుంచి సున్నం తెప్పించారు. కంట్లో పడితే ప్రమాదమని దాన్ని పాప చేతికివ్వలేదు. తానే వేలితో ఇంత తీసి పసుపు నీళ్లలో కలిపారు. పళ్లెం నిండా ఎరుపు. "పెళ్లికూతురి కాళ్లకి పారాణి ఇలాగే కలిపేవాళ్లం." పాప వెంటనే కాళ్లు చాపింది.

పెట్టెవాళ్లకి నేనేమీ వంక పెట్టను. పసుపుకి తెలిసేది క్షారమే, పులుపు మాత్రమే తగిలితే దాని రంగు మారదు. క్యాబేజీ పొడి రెండూ చూపిస్తుంది. కానీ ఆ పొడితో మొదలై పారాణి దాకా వెళ్లింది అత్తయ్య పక్కన ఉండబట్టే.

మే 13, పోలింగ్ రోజు

ఓటేసి వచ్చేసరికి పాప నిమ్మచెక్కతో సిద్ధంగా ఉంది. అత్తయ్య వేలి మీద సిరా చుక్కకి రుద్దింది, పోలేదు. సబ్బు పెట్టింది, ఊహూఁ. "పసుపులాగా మారదేం?" ఆ సిరాలో సిల్వర్ నైట్రేటు ఉంటుందని, చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి నల్లబడుతుందని చెప్పాను. 1962 ఎన్నికల నుంచీ ఇదే సిరా వాడుతున్నారు, మైసూరులో తయారవుతుంది. పై చర్మం రాలి, గోరు పెరిగితేనే పోతుంది. పాప కన్నా అత్తయ్యే శ్రద్ధగా విన్నారు. "ఇదీ కాగితం మీద రాసిపెట్టమ్మా."

మే 19

పెట్టెలో అన్నీ కొలిచి, కత్తిరించి వస్తాయి. అది సుఖమే. కానీ వెతుక్కునే పని పిల్లలకి దక్కదు. అరవింద్ గుప్తా ఏనాడో అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వు ట్యూబులతో ఏమేం చేయొచ్చో పుస్తకంగా వేశారు. ఇవాళ ముగ్గురం ట్యూబు కోసం సైకిల్ షాపుకి వెళ్లాం. షాపతను పాపకి పంక్చరు ఎలా కనిపెడతారో నీళ్ల తొట్టిలో చూపించాడు. ఇంటికొచ్చి పుల్లల మందు గీకేసి, ట్యూబు ముక్కలతో అతికాం. చతురస్రం ఎటు నొక్కితే అటు ఒరిగిపోయింది. త్రిభుజం కదల్లేదు. "అందుకే మెట్రో స్టేషన్ కప్పుకి అన్ని త్రిభుజాలు!" అంది పాప. నేను రోజూ ఎక్కి దిగే స్టేషనే, ఎన్నడూ గమనించలేదు.

మే 25

చందా తీసుకున్న సంస్థకి ఉత్తరం రాశాను. 2020 జాతీయ విద్యా విధానం వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు ఉండాలంది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం తెచ్చిన జాదూయీ పిటారా కూడా ఓ ఆటల పెట్టే. దాన్ని భారతీయ భాషల్లో ఇవ్వాలని మొదటే అనుకున్నారు. డబ్బిచ్చి కొనుక్కునే పెట్టెలో ఒక్క తెలుగు కాగితం ఎందుకుండకూడదు? మధ్యాహ్నాలు పిల్లల్ని చూసుకునే అమ్మమ్మలూ నానమ్మలూ ఎన్ని ఇళ్లలో లేరు! వాళ్లని పక్కన పెట్టి పిల్లలకి మాత్రమే సైన్సు నేర్పుతామనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

జూన్ 8

ఈ నెల పెట్టె వచ్చింది. సిరంజీలతో నీటి బలం మీద లేచే క్రేను. 12న బడి తెరుస్తారు కాబట్టి ఇక ఆదివారాలే. ఉత్తరానికి జవాబు రాలేదు, మళ్లీ రాస్తాను. చందా కూడా ఆపను.

అత్తయ్య వంటింట్లోంచి, "ఏం చేయాలో ఒక్కటే రాయకు. ఎందుకలా అవుతుందో కూడా రాయి. పాప అడిగితే నేను చెప్పొద్దూ?" అన్నారు. చిన్న సిరంజి నొక్కితే పెద్దది ఎక్కువ బలంతో, తక్కువ దూరం ఎందుకు కదులుతుందో రాయడానికి కూర్చున్నాను. రెండు పేజీలు పట్టేలా ఉంది.