రామ్‌గఢ్ దారిలో గోధుమ చేను

సంక్రాంతి వెళ్లిన వారం. జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్ వెళ్లే రోడ్డు పొడుగునా రాతి పెళ్లలు, ముళ్లకంపలు, గాలిమరలు. ఉన్నట్టుండి ఎడమవైపు మోకాలెత్తు గోధుమ చేను! జీపు ఆపించాను. దగ్గర్లో కాలువ లేదు, మోటారు చప్పుడూ లేదు.

దీన్ని ఖడీన్ అంటారు. రాతి మెరకల మీద పడ్డ వాన జారి పల్లానికి చేరేచోట అడ్డంగా పొడవాటి మట్టికట్ట పోస్తారు. ఎక్కువైన నీరు అలుగు మీంచి పోతుంది. వానాకాలంలో చెరువులా నిలిచిన నీరు ఇంకుతూ పైనున్న ఉప్పును కిందికి దింపేస్తుంది. చలి మొదలయ్యేసరికి ఆ పదునులో గోధుమ, శనగ వేస్తారు. మళ్లీ ఒక్క తడి పెట్టరు. వరద తెచ్చిన ఒండ్రే ఎరువు. పాలీవాల్ బ్రాహ్మణులు దాదాపు 15వ శతాబ్దంలో మొదలుపెట్టిన సేద్యమిది. వాళ్లు కుల్‌ధరా లాంటి ఊళ్లు వదిలి వెళ్లిపోయినా పొలాలు ఆగలేదు. ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా కురవని నేల! 550 కురిసే అనంతపురంలో బోరు మీద బోరు వేసి ఎండబెట్టుకున్నాం మనం.

రామ్‌గఢ్ దగ్గర ఒక పెద్దాయన కుంయీ చూపించాడు. మనిషి ఒక్కడు గొంతుక్కూర్చుని తవ్వగలిగేంత ఇరుకు బావి. ఇక్కడ భూగర్భజలం చాలా లోతున ఉంటుంది, ఉప్పన. దానికి పైన కొన్నిచోట్ల ఖడియా పట్టీ, అంటే జిప్సం పొర, పరుచుకుని ఉంది. ఇసుకలో ఇంకిన వాన ఆ పొర మీదే తేమగా ఆగిపోతుంది. కుంయీ తవ్వితే గోడల్లోంచి చుక్కచుక్కగా ఊరుతుంది. రోజుకు రెండు మూడు కడవలు, అంతే. వెడల్పుగా తవ్వితే ఆ కాస్త నీరు అడుగున పలచగా పరుచుకుని బొక్కెనకు అందదు. తవ్వేటప్పుడు లోపల ఉక్క భరించలేరు. పైనున్నవాళ్లు గుప్పెడు గుప్పెడు ఇసుక విసురుగా లోపలికి కొడతారట, దాంతోపాటు చల్లగాలి దిగడానికి. కిందివాడి నెత్తిన ఇత్తడి గిన్నె బోర్లించి ఉంటుంది!

"డబ్బుంటే నేనూ ఒకటి తవ్వించుకోవచ్చా, కాకాసా?" అన్నాను.

"ఊరు ఒప్పుకోవాలి బేటా. నీ కుంయీలో ఊరేది మా కుంయీల్లోంచి తగ్గినదే కదా."

కుంయీ సొంతమే గాని అది ఉన్న నేల ఊరిది. కొత్తదానికి అనుమతి దొరకడం కష్టం. మనకు ఏ చట్టమూ గట్టిగా నేర్పలేని సంగతి ఇక్కడ ఊరి కట్టుబాటు.

సట్లెజ్, బియాస్ నీళ్లు తెచ్చే ఇందిరాగాంధీ కాలువ జైసల్మేర్ జిల్లా దాకా వచ్చింది. తాగునీటికి అది వరమే, కాదనను. కానీ పైన హనుమాన్‌గఢ్ వైపు పొలాలకు విచ్చలవిడిగా పెట్టిన నీరు ఇలాంటి గట్టి పొరల మీదే నిలిచిపోయి, నేల ఊటెత్తి, ఉప్పు తేలింది. కాలువ గీత గీసేముందు, పొర ఎక్కడుందో కుంయీ తవ్వేవాళ్లను అడిగి ఉండాల్సింది.