జీపుకు కొత్త పళ్లు

మంత్రాలయం దగ్గర మా పల్లెలో వానొస్తే నల్లరేగడి దారంతా జిగురు ముద్దే. అందుకే చిన్నాన్న తన పాత మిలిటరీ విల్లీస్ జీపుకు 28 అంగుళాల టైర్లు తీసేసి 31 అంగుళాలవి వేయించాడు. జీపు ఎత్తు పెరిగింది, లాగుడు తగ్గింది. ఉల్లి బస్తాలతో చేను గట్టు ఎక్కాలంటే క్లచ్ కమురు వాసన కొట్టేది. ఇంజను ముసలిదైంది, అమ్మేయమన్నారందరూ.

ఆదోని మెకానిక్ ఇంజను జోలికే పోలేదు. "సైకిలుకు వెనక చక్రం పెద్దదేస్తే తొక్కేకి బరువు కాదా అన్నా?" అన్నాడు. ఆ జీపు ఇరుసులో క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 8. అంటే షాఫ్టు 4.88 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. టైరు పెరిగిన మేరకు అది 5.4 కావాలి. 43, 8 పళ్ల జత వేస్తే 5.38 వస్తుంది!

వెనక ఇరుసుకే మారిస్తే సగం ఖర్చు కదా అన్నాడు చిన్నాన్న. కుదరదు. ఫోర్‌వీల్ వేస్తే ముందు, వెనక షాఫ్టులది ఒకే వేగం. పళ్ల లెక్క తేడా ఉంటే గట్టి నేల మీద రెండు ఇరుసులూ పెనుగులాడి ఏదో ఒకటి విరుగుతుంది. రెండో జత కోసం పిన్ని గొలుసు తాకట్టుకెళ్లింది.

ఇప్పుడు జీపు బస్తాలతో గట్టెక్కుతోంది. పెద్ద టైర్లతో వేగం తక్కువ చూపించిన స్పీడోమీటరు కూడా దారికొచ్చింది. గొలుసెప్పుడు విడిపిస్తావని పిన్ని రోజూ అడుగుతోంది.