మార్కర్ బాబాయి

మా రైల్వే కాలనీ ఇన్‌స్టిట్యూట్‌లో, బిలియర్డ్స్ గది గోడకి ఒక టేకు బోర్డు ఉండేది. ఏ ఏడాది పోటీల్లో ఎవరు గెలిచారో బంగారు రంగు అక్షరాలతో వరసగా రాసి ఉండేది. గార్డులు, డ్రైవర్లు, టీటీఈలు, ఒకరిద్దరు ఆఫీసర్లు. వాళ్లలో సగం మందికి స్టిక్ పట్టుకోవడం దగ్గర్నుంచీ నేర్పిన మనిషి పేరు మాత్రం ఆ బోర్డు మీద ఎక్కడా లేదు. పోటీలు సభ్యులకి. ఆయన సభ్యుడు కాదు, అక్కడ జీతానికి పనిచేసే మార్కర్.

పోయిన నెల ఆయన కాలం చేశారు. ఎనభై దాటాయి. నిద్రలోనే పోయారట. కాలనీలో అందరికీ ఆయన మార్కర్. నాకు మార్కర్ బాబాయి. రక్తసంబంధం ఏమీ లేదు. కానీ ఈ ఇల్లు నడపడంలో నాకున్న కాస్తో కూస్తో ఓపిక ఆయన పెట్టిన భిక్షే. అందుకే ఈవేళ కూర గురించో పిల్లల పరీక్షల గురించో కాకుండా ఆయన గురించి రాస్తున్నాను.

మార్కర్ అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. పాతకాలపు క్లబ్బుల్లో బిలియర్డ్స్ బల్ల ఉన్నచోటల్లా ఒక మార్కర్ ఉండేవాడు. ఆడేవాళ్ల పాయింట్లు పైకి చెప్పి బోర్డు మీద జరపడం, పాకెట్‌లో పడ్డ బంతి తీసి మళ్లీ దాని చోట పెట్టడం, స్టిక్ చివర తోలు ఊడితే అతికించడం, కొత్తవాళ్లకి ఆట నేర్పడం, ఎదురు ఆటగాడు లేకపోతే తనే ఆడటం. అన్నీ ఒక మనిషే. ఆటలో అందరికంటే గట్టివాడు ఆయనే. ఆట అయ్యాక టీ గ్లాసులు ఎత్తేదీ ఆయనే.

నేను ఆ గదిలోకి వెళ్లడానికి కారణం మా అమ్మ నవలల పిచ్చి. ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో వారానికి రెండు పుస్తకాలు ఇచ్చేవారు. నాన్న గార్డు. ఏ బండి ఎక్కుతారో, ఎప్పుడు దిగుతారో ఆయనకే తెలిసేది కాదు. అందుకని పుస్తకాలు మార్చే పని నాది. అప్పుడు నాకు పదమూడేళ్లు. 1988 అనుకుంటా. లైబ్రరీ ఆయన నాలుగింటికి రావాలి, అయిదు దాటితే గానీ వచ్చేవారు కాదు. నేను పక్కనున్న బిలియర్డ్స్ గది గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చునేదాన్ని. లోపల బాబాయి ఒక్కరే బల్ల తుడుస్తూ ఉండేవారు. గోడ మీద పేపర్లోంచి కత్తిరించి అంటించిన విల్సన్ జోన్స్ ఫొటో. 1958లో కలకత్తాలో జరిగిన ప్రపంచ పోటీల్లో గెలిచిన మనిషి, ఏ ఆటలోనైనా మన దేశం తరఫున మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్ ఆయనే అని బాబాయి దేవుడి పటం చూపించినట్టు చూపించేవారు.

ఒకరోజు ఆయనే పిలిచారు. "ఊరికే కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి గానీ, ఈ బ్రష్ పట్టుకో తల్లీ."

నెల రోజులు నాకు స్టిక్ ఇవ్వలేదు. బ్రష్షే. ఆ బల్ల పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఆకుపచ్చ గుడ్డ కింద అయిదు స్లేటు రాతి పలకలు ఉంటాయనీ, బల్ల మొత్తం టన్ను పైనే బరువుంటుందనీ అప్పుడే తెలిసింది. ఆ ఉన్ని గుడ్డకి సన్నటి నూగు ఉంటుంది. ఆట మొదలుపెట్టే వైపు నుంచి నల్లబంతి ఉండే వైపుకే బ్రష్ లాగాలి. వెనక్కి లాగితే నూగు లేచి బంతి దారి తప్పుతుంది. వారానికోసారి ఇస్త్రీ కూడా చేసేవారు. పెట్టెని ముందు పాత పేపరు మీద ఆనించి, పేపరు రంగు మారకపోతేనే గుడ్డ మీద పెట్టేవారు. నేనిప్పటికీ పట్టుచీర ఇస్త్రీ చేసేముందు అదే పరీక్ష చేస్తాను. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు చూసి, "మీ అమ్మ బాగా నేర్పింది" అన్నారు. ఎవరు నేర్పారో చెబితే నమ్మలేదు.

తర్వాత ఆట. బిలియర్డ్స్‌లో మూడే బంతులు. మీ బంతి మిగతా రెండిటినీ తాకితే రెండు పాయింట్లు. ఎర్రబంతిని పాకెట్‌లో వేస్తే మూడు. అవతలివాళ్ల బంతిని వేస్తే రెండు. మీ బంతే ఎర్రదాన్ని తాకి పాకెట్‌లో పడినా మూడు, అవతలివాళ్లదాన్ని తాకి పడితే రెండు. వినడానికి ఇంతే. మొదట్లో నేను పాకెట్‌లో బంతి పడగానే గంతులేసేదాన్ని. ఆయన మాత్రం తెల్లబంతి ఎక్కడ ఆగిందో చూసేవారు.

"పడింది సరే తల్లీ, ఇప్పుడెక్కడ నిలబడ్డావో చూసుకో. రెండో దెబ్బ ఎక్కణ్ణుంచి కొడతావో తెలియకుండా మొదటి దెబ్బ కొట్టకు."

ఈ ఒక్క మాట నాకు ఎన్నిసార్లు పనికొచ్చిందో లెక్కలేదు. ఉమ్మడి కుటుంబంలోకి వెళ్లినవాళ్లకి చెప్పనక్కర్లేదు. గట్టిగా ఒక మాట అనేస్తే ఆ క్షణానికి మనదే గెలుపు. కానీ మర్నాడు పొద్దున్న అదే వంటింట్లో, అదే మనిషి పక్కన నిలబడి కాఫీ కలపాలి కదా! నేను మాట అనకుండా ఊరుకున్నవన్నీ భయపడి ఊరుకున్నవి కావు. మర్నాటి కాఫీ ఆలోచించి ఊరుకున్నవి కొన్ని. కొన్నిసార్లు అదే ఆలోచించి, అనాల్సిన మాట అనేశాను కూడా.

ఇంకొకటి చెప్పేవారు. కొట్టడానికి మంచి దెబ్బ లేనప్పుడు దొరికిన దెబ్బే కొట్టెయ్యకూడదు. బంతిని నెమ్మదిగా తీసుకెళ్లి అవతలివాళ్లకి అవకాశం లేనిచోట వదిలెయ్యాలి. "అది పారిపోవడం కాదు, వాయిదా" అనేవారు. మా ఆడపడుచు పెళ్లిలో లాంఛనాల గొడవ వచ్చినప్పుడు నేను చేసింది అక్షరాలా అదే. "రేపు అన్నయ్యగారు వచ్చాక మాట్లాడదాం" అని, అందరికీ ముందు భోజనాలు వడ్డించాను. తిన్నాక సగం కోపం చల్లారింది.

ఆరు నెలలకి నేను బాగానే ఆడుతున్నాను. అప్పుడొచ్చింది గొడవ. కమిటీలో ఒక పెద్దాయన ఒక సాయంత్రం తొందరగా వచ్చి నన్ను చూశారు. "ఎదిగే ఆడపిల్ల బల్ల మీద వంగి ఆడటమేంటి, చూసేవాళ్లు ఏమనుకుంటారు" అని కేకలేశారు. నేను స్టిక్ గోడకి ఆనించి ఏడుపు మొహంతో నిలబడ్డాను. బాబాయి గొంతు పెంచలేదు. బల్ల సొరుగులోంచి రూలు పుస్తకం తీసి ఆయన ముందు పెట్టారు.

"సభ్యుడి కుటుంబం ఆడుకోవచ్చని రాసుంది సార్. కుటుంబం అంటే కొడుకులేనని ఎక్కడా లేదు."

అమ్మకి ఈ సంగతి తెలిసి ఏమంటుందోనని హడలిపోయాను. అమ్మ ఆ రాత్రంతా ఏమీ మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం తల దువ్వుకుని, నవల చేత్తో పట్టుకుని, నాతో పాటు బయల్దేరింది. "ఇవాళ్టి నుంచి నా పుస్తకాలు నేనే మార్చుకుంటా" అంది. నేను ఆడినంతసేపూ ఆ గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుని చదువుకుంది. కాలనీలో అందరికీ పిన్నిగారో వదినగారో అయిన మా అమ్మ అక్కడ కూర్చుంటే ఇంకెవరూ నోరెత్తలేదు. వారం తిరిగేసరికి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు లైబ్రరీకి రావడం మొదలుపెట్టారు.

ఆ రూలు పుస్తకం తీసినందుకు బాబాయిని మూడు నెలలు బిలియర్డ్స్ గది నుంచి తప్పించి, బ్యాడ్మింటన్ కోర్టు ఊడ్చే పనిలో వేశారు. ఈ సంగతి నాన్న నా పెళ్లయ్యాక చెప్పారు. ఆ మూడు నెలలూ బాబాయి నాతో, "నడుం పట్టేసింది తల్లీ, కొన్నాళ్లు నీ అంతట నువ్వే ఆడుకో" అని మాత్రమే అన్నారు. నేను నమ్మేశాను. పదమూడేళ్ల పిల్ల మనసులో, తన వల్ల ఒకరికి కష్టం వచ్చిందన్న బరువు పడకుండా చూసుకున్నారాయన.

డిగ్రీ అయింది, పెళ్లయింది, హైదరాబాద్ వచ్చేశాను. ఇరవై ఏళ్లు స్టిక్ ముట్టుకోలేదు. ఎక్కడ దొరుకుతుంది మనకి? 2012లో కర్ణాటక ఆవిడ ఉమాదేవి నాగరాజ్ మహిళల ప్రపంచ బిలియర్డ్స్ ఛాంపియన్ అయినప్పుడు బాబాయి ఎవరినో నా నంబరు అడిగి తీసుకుని ఫోన్ చేశారు. "ఆవిడ చిన్నప్పటి నుంచి ఆడినావిడ కాదట, ఉద్యోగం చేసుకుంటూ పెద్దయ్యాక మొదలుపెట్టిందట. నీకేం వయసైపోయింది?" అన్నారు. నేను నవ్వి, పిల్లాడికి జ్వరమని చెప్పి పెట్టేశాను.

తర్వాత మేము కొన్న అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో ఒక పూల్ టేబుల్ పెట్టారు. ఎనిమిదడుగులది. సాయంత్రాలు మగపిల్లలు, రాత్రుళ్లు వాళ్ల నాన్నలు. మధ్యాహ్నం ఖాళీ. ఒకరోజు పనమ్మాయి వెళ్లాక తాళం అడిగి తీసుకుని వెళ్లాను. చెయ్యి మర్చిపోలేదు! వెంటనే బాబాయికి వీడియో కాల్ చేశాను. అప్పటికే డెబ్భై అయిదు దాటినాయన. ఏమడిగారో తెలుసా? ఎలా ఉన్నావని కాదు. "గుడ్డ ఎలా ఉంది?" అన్నారు. ఫోన్ బల్ల చుట్టూ తిప్పి చూపించాను. పూల్‌లో తెల్లబంతి కాక పదిహేను బంతులు, నంబర్లు వేసి ఉంటాయి. ఆయన ఎన్నడూ ఆడిన ఆట కాదు. "బంతుల మీద నంబర్లేంటి తల్లీ, రేషన్ క్యూలో నిలబెట్టినట్టు" అని ఒకటే నవ్వు. పాకెట్ల నోళ్లు ఇంత వెడల్పేంటని ఇంకాసేపు. కానీ వారం తిరక్కుండా మనవడి ఫోన్లో ఆట చూసి, రూల్సు నేర్చుకుని, తిరిగి నాకే పాఠం మొదలుపెట్టారు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఆ బల్ల ఆడవాళ్లది. మొదట ఇద్దరం, ఇప్పుడు తొమ్మిదిమంది. అరవై నాలుగేళ్ల రిటైర్డ్ టీచరుగారు ఒకరు మా అందరిలోకీ బాగా ఆడతారు. ఎవరొచ్చినా ముందు బ్రషే ఇస్తాను. తిట్టుకుంటూనే తుడుస్తారు.

బాబాయి పెద్దకర్మకి వెళ్లాను. ఇన్‌స్టిట్యూట్ బిలియర్డ్స్ గది ఇప్పుడు సామాన్ల గది. బల్ల మీద టార్పాలిన్, టార్పాలిన్ మీద విరిగిన కుర్చీలు. బోర్డు ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి. భోజనాల దగ్గర, జుట్టు నెరిసిన వాళ్లు ఒకరి తర్వాత ఒకరు, ఆయన దగ్గర నేర్చుకున్న దెబ్బలు చేతులతో గాల్లో చూపిస్తూ చెప్పుకున్నారు. ఆ బోర్డు మీద పేర్లున్నవాళ్లే చాలామంది.

ఆయన పేరు పెట్టి, ఫొటో వేసి రాస్తానని పిన్నిని అడిగాను. వద్దంది. "అందరూ మార్కరూ అనే పిలిచారు, ఆయనా పలికాడు. అలాగే ఉండనీ" అంది. తర్వాత కాసేపు ఊరుకుని, నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"ముప్ఫై అయిదేళ్లు పొద్దున్నా సాయంత్రం ఆ బల్ల దగ్గరికే వెళ్లాడు. ఆ గదిలోకి నేనెప్పుడూ వెళ్లలేదే. వెళ్లొచ్చని ఎవరూ అనలేదు. అసలు ఆ ఆట ఎలా ఉంటుందే?"

నాకు గొంతు పూడుకుపోయింది. గాల్లో చేతులు తిప్పి చెప్పే సంగతి కాదది.

పిన్ని వచ్చే నెల నుంచి హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. మా ఇంటికి అరగంట దూరం. మొదటి శనివారమే కారు పంపుతానని చెప్పాను. మోకాళ్ల నొప్పులు కాబట్టి, బల్ల అంచు కనబడేలా ఒక ఎత్తు కుర్చీ వెయ్యాలి. టీచరుగారు ఇప్పటికే వాళ్లింట్లోంచి తెస్తానన్నారు. కూర్చోబెట్టి చూపించడమే కాదు, ఓపికుంటే పిన్ని చేతికి బ్రష్ కూడా ఇస్తాను.